న్యూక్లియోఫాస్మిన్: ఎక్కువ కనిపించే చోటే పని జరుగుతోందా?

అక్యూట్ మైలాయిడ్ లుకీమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన పెద్దవాళ్ల మూలుగ ముక్కని పల్చగా కోసి, న్యూక్లియోఫాస్మిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకునే యాంటీబాడీతో రంగు వేసి చూస్తే, ముగ్గురిలో ఒకరి దగ్గర ఓ తేడా కనిపిస్తుంది. కేంద్రకంలోని కేంద్రకాంశంలో (న్యూక్లియోలస్) చుక్కల్లా పడాల్సిన గోధుమరంగు కణమంతా పరుచుకుని ఉంటుంది. ఇటలీలోని పెరూజియాలో బ్రునాంజెలో ఫాలీని బృందం ఇలా 591 మంది నమూనాలు చూసి, 208 మందిలో ఈ తేడా ఉందని 2005లో ప్రకటించింది. వాళ్లు జన్యువు చదివి ప్రోటీన్ దగ్గరికి రాలేదు. రంగు పడకూడని చోట పడిందని ముందు చూశారు, ఆ తర్వాతే జన్యువు తెరిచారు.

అప్పట్నుంచీ ఈ జబ్బు కథని ఒకే తీరుగా చెప్పుకుంటున్నాం. కేంద్రకాంశంలో ఉండాల్సిన ప్రోటీన్ కణద్రవ్యంలోకి వచ్చిపడింది, అందుకే లుకీమియా. మ్యుటేషన్ వచ్చిన ప్రోటీన్‌కి పేరు కూడా అలాగే స్థిరపడింది: ఎన్‌పీఎం1సి. ఎన్‌పీఎం1 అంటే న్యూక్లియోఫాస్మిన్, చివరి 'సి' సైటోప్లాజం (కణద్రవ్యం) అన్న మాటకి పొట్టిరూపం. చెప్పడానికి సులువైన కథే. కాకపోతే అందులో ఓ ఊహ చడీచప్పుడూ లేకుండా దూరి కూర్చుంది: ప్రోటీన్ ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడే దాని అసలు పని అని. నా పేచీ ఆ ఊహతోనే. న్యూక్లియోఫాస్మిన్ విషయంలో అది మామూలు కణంలో నిలబడదు, లుకీమియా కణంలోనూ నిలబడదు. రోగి చేతికొచ్చే రిపోర్టు దగ్గరైతే ఆ ఊహ ప్రమాదం కూడా.

ముందు ప్రోటీన్ సంగతి. దీని జన్యువు 5వ క్రోమోసోమ్ పొడుగు చేయి చివర్లో ఉంది. ప్రోటీన్ పొడవు 294 అమైనో ఆమ్లాలు. 1970లలో హ్యూస్టన్‌లో హ్యారిస్ బుష్ ప్రయోగశాల కేంద్రకాంశంలోని ప్రోటీన్లని జెల్ మీద రెండు దిశల్లో విడదీసి, కనపడిన చుక్కలకి ఒక అక్షరం, ఒక అంకె తగిలించింది. బి23 అలా వచ్చిన పేరు. సి23 అన్న మరో చుక్కని ఇప్పుడు న్యూక్లియోలిన్ అంటున్నాం. కప్పలో న్యూక్లియోఫాస్మిన్‌ని ఎన్ఓ38 అన్నారు. పాత వ్యాసాలు వెతికేవాళ్లు ఈ పేర్లన్నీ గుర్తుపెట్టుకోకపోతే సగం సాహిత్యం తప్పిపోతుంది.

కప్ప నుంచి మనిషి దాకా పెద్దగా మారకుండా వచ్చిన కుటుంబం ఇది. ఇందులో పెద్ద న్యూక్లియోప్లాస్మిన్. 1978లో రాన్ లాస్కీ బృందం కప్ప గుడ్ల నుంచి తీసిన ప్రోటీన్. 'మాలిక్యులర్ షాపరోన్' అన్న మాట మొదట పుట్టింది దీని గురించే. డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్లది ధనావేశం, డీఎన్ఏది రుణావేశం. రెంటినీ నేరుగా కలిపితే ఉండలు కట్టేస్తాయి. ఆమ్లగుణం గల ఈ ప్రోటీన్ మధ్యలో ఉండి హిస్టోన్లని పట్టుకుని, డీఎన్ఏకి పద్ధతిగా అప్పజెబుతుంది. న్యూక్లియోఫాస్మిన్‌కి కూడా ఈ వంశపు పని వచ్చు. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో తపస్ కుందు బృందం దీని మీద చాలాకాలం పనిచేసింది. ఈ ప్రోటీన్ అసిటైలేషన్ (అసిటైల్ గుంపు తగిలించడం) మీద ఆధారపడిన జన్యు లేఖనాన్ని పెంచుతుందని 2005లో చూపించింది. ఆ తర్వాత నోటి క్యాన్సర్ కణితుల్లో అసిటైల్ తగిలిన న్యూక్లియోఫాస్మిన్ పెరిగి ఉందని కూడా చూపించింది. కేంద్రకాంశంలో ఉండే ప్రోటీన్‌కి జన్యువుల మీద ఏం పని అని అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే, ఆ ప్రశ్నే ఇప్పుడు లుకీమియాలో జవాబై కూర్చుంది. దాని సంగతి కాసేపట్లో.

నిర్మాణంలో మూడు ముక్కలు. తల భాగాలు ఐదు కలిసి ఉంగరంలా కట్టుకుంటాయి. రెండు ఉంగరాలు ఎదురెదురుగా అతుక్కుంటే పది ప్రోటీన్ల గుత్తి అవుతుంది. మధ్యభాగం నిలకడైన ఆకారం లేని తాడు, దాని మీద రుణావేశపు గుంపులు. తోక దగ్గర మూడు హెలిక్సుల చిన్న కట్ట, అది న్యూక్లిక్ ఆమ్లాలని పట్టుకుంటుంది. ఆ కట్టలో 288, 290 స్థానాల్లో ఉన్న రెండు ట్రిప్టోఫాన్లు మేకుల్లాంటివి. అవి ఊడితే కట్ట విడిపోతుంది, ప్రోటీన్ కేంద్రకాంశంలో నిలవదు. కేంద్రకంలోకి తీసుకెళ్లే సంకేతాలూ, బయటికి పంపే సంకేతాలూ రెండూ దీని ఒంట్లోనే ఉన్నాయి. మామూలు ప్రోటీన్ కూడా లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంటుంది. మొగ్గు లోపలివైపు కాబట్టి మనకి అక్కడే కనిపిస్తుంది, అంతే.

కేంద్రకాంశానికి పొర లేదు. నీళ్లలో నూనెబొట్టులా విడిగా నిలబడే ద్రవం అది. ఒకదాంట్లో ఒకటి మూడు అరలు. లోపలి అరల దగ్గర, ప్రోటీన్లు తయారుచేసే రైబోసోములకి కావాల్సిన రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ పుడుతుంది, నడిమి అరలో ఫిబ్రిల్లారిన్ అనే ప్రోటీన్, బయటి గరుకు అరలో న్యూక్లియోఫాస్మిన్. శుద్ధిచేసిన న్యూక్లియోఫాస్మిన్‌కి రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ కలిపితే పరీక్షనాళికలోనే బొట్లు కడుతుందనీ, ఫిబ్రిల్లారిన్ బొట్లు దాని లోపలికి వెళ్లి కూర్చుంటాయనీ 2016లో చూపించారు. 13, 14, 15, 21, 22 క్రోమోసోముల పొట్టి చేతుల మీది జన్యువుల నుంచి 47ఎస్ అనే పొడుగు ఆర్‌ఎన్‌ఏ తయారై, అది తెగి 18ఎస్, 5.8ఎస్, 28ఎస్ ముక్కలవుతుంది. రైబోసోమ్ పెద్ద భాగం కట్టుబడేది న్యూక్లియోఫాస్మిన్ ఉన్న ఆ బయటి అరలోనే. అందుకే పాఠ్యపుస్తకం దీన్ని రైబోసోమ్ కర్మాగారంలో కూలీ అంటుంది.

మరి ఆ కూలీని తీసేస్తే ఏమవుతుంది? 2005లో ఈ జన్యువు పూర్తిగా లేని ఎలుక పిండాలు పదకొండున్నర, పదహారున్నర రోజుల మధ్య చనిపోయాయి. తీవ్రమైన రక్తహీనత, కణవిభజనలో క్రోమోసోముల్ని పంచే సెంట్రోసోములు అవసరానికి మించి ఉండడం, క్రోమోసోముల లెక్క తప్పడం కనిపించాయి. ఒక ప్రతి మాత్రమే ఉన్న ఎలుకలు పుట్టి పెరిగాయి కానీ వాటి రక్తం మైలోడిస్‌ప్లాసియా అనే, రక్తకణాలు సరిగ్గా తయారుకాని జబ్బు తీరుకి తిరిగింది. అదే ఏడాది వచ్చిన మరో పరిశోధనలో న్యూక్లియోఫాస్మిన్‌తో పాటు దెబ్బతిన్న కణాల పెరుగుదలని ఆపే పీ53 ప్రోటీన్ కూడా తీసేస్తే కణాలు డిష్‌లో బతికి విభజన చెందాయి. రైబోసోములు లేకుండా ఏ కణమూ రెండు కాలేదు. అంటే ఈ ప్రోటీన్ కుప్పలుగా ఉన్నచోట దాని పని ఉపయోగకరమే, కానీ అది లేకపోయినా కర్మాగారం మూతపడదు. ప్రాణం మీదికి వచ్చింది తక్కువగా కనిపించే పనుల దగ్గర. సెంట్రోసోమ్ మీద కాస్తంత ప్రోటీన్ అంటుకుని ఉంటుంది. సీడీకే2 ఎంజైమ్ దాని 199వ థ్రియోనిన్ మీద ఫాస్ఫేట్ పెట్టగానే అది వదిలేస్తుంది, అప్పుడే సెంట్రోసోమ్ రెండవుతుంది. ఏఆర్‌ఎఫ్ అనే కాపలా ప్రోటీన్ కరిగిపోకుండా పట్టుకునేది కూడా ఇదే. రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు ఎక్కడ పడాలో నిర్ణయించడంలో దీనికి చేయి ఉందని 2019లో తేలింది. డిస్కెరటోసిస్ కంజెనిటా అనే పుట్టుకతో వచ్చే మూలుగ జబ్బు ఉన్న కొందరిలో ఈ పనిని చెడగొట్టే మ్యుటేషన్లు దొరికాయి.

సూక్ష్మదర్శిని వాడే విద్యార్థులకి ఇక్కడో మాట. న్యూక్లియోఫాస్మిన్ కేంద్రకాంశం అంచున ఉంగరంలా మాత్రమే కనిపిస్తే కొత్త జీవశాస్త్రం దొరికిందని సంబరపడొద్దు. చిక్కటి ఆ బొట్టు లోపలికి యాంటీబాడీ దిగకపోయినా అలాగే కనిపిస్తుంది. పొరలకి చిల్లులు పెట్టే డిటర్జెంట్ సమయం పెంచి మళ్లీ చూడాలి, మెరిసే ట్యాగ్ తగిలించిన ప్రోటీన్‌తో పోల్చుకోవాలి. తక్కువ మోతాదు ఆక్టినోమైసిన్ డి అనే మందు వేసినప్పుడు ప్రోటీన్ కేంద్రకమంతా పరుచుకోవడం నిజమే, కానీ పరుచుకుంది కాబట్టి రైబోసోమ్ తయారీ ఆగిపోయిందని రాసేయడం తొందరపాటు. కొత్త ఆర్‌ఎన్‌ఏ పుడుతోందో లేదో విడిగా కొలవాలి.

ఇక లుకీమియా. జన్యువులో ప్రోటీన్‌కి లెక్కకొచ్చే ముక్కల్ని ఎక్సాన్లంటారు. చివరి ఎక్సాన్‌లో నాలుగక్షరాలు అదనంగా దూరతాయి. రోగుల్లో ముప్పాతిక వంతుకి పైగా అవి టీసీటీజీ. దాన్ని ఏ రకం అంటారు. సీఏటీజీ అయితే బీ రకం, సీసీటీజీ అయితే డీ రకం, ఇవి కాక అరుదైనవి బోలెడు. నాలుగు మూడుకి గుణిజం కాదు కాబట్టి అక్కడి నుంచి చదువు వరస తప్పి తోక మారిపోతుంది, పొడవు 298 అవుతుంది. మేకుల్లో ఒకటో రెండో ఊడతాయి. పైగా కొత్త తోకలో బయటికి పంపే సంకేతం ఒకటి అదనంగా తయారవుతుంది. ఎక్స్‌పీఓ1 అనే రవాణా ప్రోటీన్ దాన్ని పట్టుకుని కణద్రవ్యంలోకి లాక్కుపోతుంది. రెండు ప్రతుల్లో చెడేది ఎప్పుడూ ఒకటే. కానీ తలలు ఐదేసి కలిసి ఉంగరం కడతాయి కదా, చెడ్డది వెళ్తూ వెళ్తూ మంచిదాన్ని కూడా కొంత వెంటబెట్టుకుపోతుంది. ఇంత జరిగినా ఆ కణంలో రైబోసోముల తయారీకి లోటు రాదు. లోటే వస్తే అంత వేగంగా పెరగలేదు.

కణద్రవ్యంలో చేరి అది ఏం చేస్తోందన్న దాని మీద చాలా ప్రతిపాదనలు వచ్చాయి. ఏఆర్‌ఎఫ్‌ని కేంద్రకం నుంచి ఈడ్చుకుపోతుందన్నారు. పీయూ.1 అనే లేఖన కారకాన్ని కూడా అలాగే బయటికి లాగి తెల్లకణం ముదరకుండా ఆపుతుందన్నారు. వీటికి ఆధారాలున్నాయి, కొట్టిపారేయను. కానీ ఈ లుకీమియా కణాల అసలు గుర్తు వేరు. హాక్స్ఏ, హాక్స్‌బీ జన్యువులూ, మీస్1 జన్యువూ ఆపకుండా మోగుతుంటాయి. మూలకణం దశలో మోగి, కణం ముదిరేసరికి ఆగిపోవాల్సిన జన్యువులివి. చెడ్డ ప్రోటీన్‌ని కరిగించేసినా, కేంద్రకంలోకి తిప్పి పంపినా ఈ జన్యువులు చల్లబడి కణాలు ముదరడం మొదలుపెడతాయని 2018లో చూపించారు. అంటే అది ఒకసారి జబ్బు అంటించి పక్కకి తప్పుకునే రకం కాదు, రోజూ పనిలో ఉంటేనే లుకీమియా నిలుస్తుంది. 2023లో వేర్వేరు బృందాలు ఇంకో అడుగు వేశాయి. కణద్రవ్యంలో రాశిపోసి ఉన్న ఈ ప్రోటీన్‌లో కొద్ది భాగం కేంద్రకంలో, సరిగ్గా ఆ హాక్స్, మీస్1 జన్యువుల దగ్గర క్రోమాటిన్ (డీఎన్ఏ, హిస్టోన్ల పోగు) మీద కూర్చుని ఉంది. బయటికి మోసుకుపోయే కూలీ అనుకున్న ఎక్స్‌పీఓ1 కూడా అక్కడే ఉండి, దాన్ని జన్యువు దగ్గర నిలబెడుతోంది. ఈ జన్యువుల్ని మోగించే మెనిన్, ఎంఎల్ఎల్ ప్రోటీన్ల గుంపూ అక్కడే.

కాబట్టి ఎన్‌పీఎం1సిలోని 'సి' చిరునామా మాత్రమే, వృత్తి కాదు. రంగు ఎక్కడ దట్టంగా పడిందో అది జబ్బుని గుర్తుపట్టడానికి అద్భుతమైన ఆనవాలు. జబ్బు ఎలా నడుస్తోందో చెప్పడానికి మాత్రం చాలదు.

ఈ వాదనకి మందులే సాక్ష్యం. చిరునామా కథ పూర్తిగా నిజమైతే ఎక్స్‌పీఓ1ని ఆపే సెలినెక్సర్ లాంటి మందు చాలు, ప్రోటీన్ ఇంటికి చేరుతుంది, జబ్బు తగ్గుతుంది. కానీ దాన్ని వారానికి ఒకటి రెండుసార్లే ఇవ్వగలం. వికారం, బరువు తగ్గడం, ఒంట్లో సోడియం పడిపోవడం అడ్డొస్తాయి. డోసుకీ డోసుకీ మధ్య దాని ప్రభావం జారిపోతుంది. ఎక్స్‌పీఓ1ని విడవకుండా అణచిపెడితేనే ఈ రకం లుకీమియా మీద సరైన ఫలితం ఉంటుందని ప్రయోగశాలలో తేలింది. మెనిన్ నిరోధకాల పద్ధతి వేరు. మెనిన్‌లో ఎంఎల్ఎల్ వచ్చి ఇరుక్కునే గాడిని మూసేస్తాయి, హాక్స్ జన్యువులు చల్లబడతాయి. ప్రోటీన్ ఇంటికి చేరిందా లేదా అన్నది వీటికి పట్టదు. తిరగబెట్టిన లేదా మొదటి మందులకి లొంగని ఎన్‌పీఎం1 లుకీమియాకి అమెరికా ఎఫ్‌డీఏ 2025లో రెవుమెనిబ్, జిఫ్టోమెనిబ్ రెంటికీ అనుమతి ఇచ్చింది.

వీటితో తలనొప్పులు తక్కువేం కాదు. ఒక్కసారిగా కణాలు ముదరడం మొదలుపెట్టినప్పుడు డిఫరెన్షియేషన్ సిండ్రోమ్ వస్తుంది. జ్వరం, ఆయాసం, ఉన్నట్టుండి బరువు పెరగడం, ఊపిరితిత్తుల్లో నీడలు. ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్స్‌తో సరిపెడితే ప్రాణం పోవచ్చు. అనుమానం వచ్చిన వెంటనే డెక్సామెథసోన్ 10 మిల్లీగ్రాములు 12 గంటలకోసారి మొదలుపెట్టాలి. రెవుమెనిబ్‌తో ఈసీజీలో క్యూటీ అనే విరామం పొడుగవుతుంది. ఈ రోగులకి తరచూ ఇచ్చే ఫంగస్ మందుల్లో కొన్ని కాలేయంలో అది విచ్ఛిన్నం కాకుండా ఆపి ఒంట్లో దాని మోతాదు పెంచేస్తాయి. అందుకే అవి కలిసినప్పుడు రెవుమెనిబ్ డోసు తగ్గించాలి. కొందరిలో మెనిన్ జన్యువులోనే, మందు కూర్చునే చోట మ్యుటేషన్ వచ్చి మందు పనిచేయడం మానేస్తుంది.

ఇప్పుడు రిపోర్టు. మూలుగ ముక్క మీద రంగు పరీక్ష చవక, త్వరగా తేలుతుంది. తప్పులు మాత్రం తేలిగ్గా దొర్లుతాయి. విభజనలో ఉన్న మామూలు కణంలో కేంద్రకపు పొర కరిగి ఈ ప్రోటీన్ కణమంతా పరుచుకునే ఉంటుంది, దాన్ని చూసి పాజిటివ్ అనకూడదు. పక్కనే న్యూక్లియోలిన్‌కి రంగు వేసి అది కేంద్రకంలోనే ఉందో లేదో సరిచూసుకోవాలి. అదీ బయటికి వచ్చి కనపడితే చెడింది నమూనా. గాజుపలక మీద పూసిన రక్తం మీద ఈ పరీక్షని నమ్మలేం. జన్యు పరీక్షలో సాంగర్ సీక్వెన్సింగ్‌కి చెడ్డ ప్రతి 15 నుంచి 20 శాతం దాకా ఉంటే తప్ప దొరకదు. ముక్క పొడవు కొలిచే పరీక్షలో నాలుగక్షరాల తేడా స్పష్టంగా రెండో శిఖరంలా లేస్తుంది. కొన్ని రిపోర్టులు 'ఎక్సాన్ 12' అనీ, కొన్ని 'ఎక్సాన్ 11' అనీ రాస్తాయి. లెక్కించే తీరులో తేడా అది, రెండూ ఒకటే చోటు. ఇది తెలియక రెండు మ్యుటేషన్లున్నాయని కంగారుపడే కుటుంబాలు ఉంటాయి.

ఎన్‌పీఎం1 పాజిటివ్ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్న రిపోర్టు నా దృష్టిలో అసంపూర్ణం. ఏ రకమో రాయాలి. ఎందుకంటే తర్వాతి రెండేళ్లూ దాని మీదే ఆధారం. ఎఫ్‌ఎల్‌టీ3లో ఐటీడీ అనే మార్పు (ఆ జన్యువులో ఓ ముక్క రెండుసార్లు పడడం) ఉందో లేదో కూడా దానితోపాటే తెలియాలి. 2022 యూరోపియన్ లుకీమియా నెట్ వర్గీకరణ ప్రకారం అది లేకపోతే మంచి వర్గం, ఉంటే మధ్యరకం. క్రోమోసోముల్లో చెడ్డ మార్పులుంటే ఎన్‌పీఎం1 ఉన్నా మంచి వర్గం కాదు.

కీమో మందులైన సైటారబిన్ ఏడు రోజులు, డానోరూబిసిన్ మూడు రోజులు ఇచ్చాక మూలుగలో బ్లాస్టులు (ముదరని కణాలు) 5 శాతం లోపుకి దిగితే రెమిషన్ (జబ్బు అణిగిన దశ) అంటారు. ఇక్కడే కంటికి ఎక్కువ కనిపించేదాన్ని నమ్ముకునే అలవాటు మళ్లీ దెబ్బతీస్తుంది. సూక్ష్మదర్శిని కింద శుభ్రంగా ఉన్న మూలుగలో ఆర్‌టీ-పీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏని రెట్లురెట్లుగా పెంచి వెతికే పరీక్ష) లక్షకి ఒక చెడ్డ కణాన్ని పట్టగలదు. 2016లో వచ్చిన బ్రిటన్ పరిశోధనలో రెండో కీమో తర్వాత రక్తంలో ఈ ఆర్‌ఎన్‌ఏ మిగిలి ఉన్నవాళ్లలో మూడేళ్లలో 82 శాతానికి జబ్బు తిరగబెట్టింది, మిగలనివాళ్లలో 30 శాతానికి. బతికున్నవాళ్లు 24 శాతం, 75 శాతం. సూక్ష్మదర్శిని మాత్రమే చూసి ఉంటే ఈ రెండు గుంపులూ ఒకటే.

ఈ పరీక్ష చెడేది ఎక్కువగా చిన్న విషయాల దగ్గర. నమూనా రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ వేసిన గొట్టంలో తీయాలి, అదే పని చేసే హెపారిన్ పీసీఆర్‌ని అడ్డుకుంటుంది. మూలుగ లాగినప్పుడు మొదటి లాగుడు దీనికే ఇవ్వాలి. తర్వాతి లాగుడుల్లో రక్తం కలిసి అంకె తగ్గిపోతుంది. మొదటి లాగుడంతా స్లైడ్లకి పోయి చివరి నీళ్లలాంటి రక్తం పీసీఆర్‌కి వెళ్తే, వచ్చే 'నెగెటివ్' ఎందుకూ పనికిరాదు. పోల్చుకోవడానికి ఏబీఎల్1 జన్యువుని కూడా కొలవాలి. దాని ప్రతులు పదివేలు రాకపోతే ఆర్‌ఎన్‌ఏ చాలలేదని అర్థం, దాన్ని నెగెటివ్ అని రాయకూడదు. ఒకే నమూనాని మూడు గుంటల్లో వేసి నడిపితే కనీసం రెంటిలో 40 చక్రాల లోపు సంకేతం వస్తేనే పాజిటివ్. అన్నిటికన్నా పెద్ద తప్పు రకం సరిపోకపోవడం. ఏ రకానికి కట్టిన ప్రైమర్లతో డీ రకం రోగిని వెతికితే జబ్బు నిండా ఉన్నా రిపోర్టు సున్నా చూపించవచ్చు. మొదటి రోజు రకం రాయించుకోమన్నది అందుకే.

రెండు కీమోల తర్వాత రక్తం, చికిత్స ముగిశాక మూలుగ, ఆ తర్వాత రెండేళ్లపాటు మూడు నెలలకోసారి మూలుగ గానీ నాలుగు నుంచి ఆరు వారాలకోసారి రక్తం గానీ చూడాలి. చికిత్స ముగిశాక అంకె కొంచెం మిగిలి, ఏబీఎల్1తో పోలిస్తే 2 శాతం లోపు కదలకుండా ఉంటే అప్పుడే గుండెలు బాదుకోనక్కర్లేదు. రెండు నమూనాల మధ్య పది రెట్లు పెరిగితే మాత్రం ఆగకూడదు, నమూనా మళ్లీ తీసి ఖాయం చేసుకుని చికిత్స మార్చాలి. డీఎన్ఎంటీ3ఏ అనే మరో జన్యువులోని మ్యుటేషన్‌ని దీనితో కలపకూడదు. అది లుకీమియాకి ఏళ్ల ముందే మూలకణంలో చేరి, రెమిషన్‌లో కూడా మిగిలిపోతుంటుంది. ఎన్‌పీఎం1 అలా కాదు, వయసుతో రక్తంలో పోగుపడే నిశ్శబ్ద మ్యుటేషన్లలో అది దాదాపు కనపడదు. అది కనపడిందంటే లుకీమియా కణం ఉన్నట్టే.

దీనికీ ఓ మినహాయింపు ఉంది. జబ్బు తిరగబెట్టినవాళ్లలో ఇంచుమించు పదిమందిలో ఒకరికి ఎన్‌పీఎం1 మ్యుటేషన్ లేకుండానే తిరగబెడుతుంది. పాత డీఎన్ఎంటీ3ఏ కణం నుంచి వేరే దారిలో కొత్త లుకీమియా మొలుస్తుంది. అప్పుడు పీసీఆర్ నెలనెలా సున్నా చూపిస్తూనే ఉంటుంది, ప్లేట్‌లెట్లు మాత్రం తగ్గుతుంటాయి. అలాంటప్పుడు సున్నాని చూసి కూర్చోకుండా మూలుగ తీసి, స్లైడ్ చూసి, మొదటి రోజు చేసిన జన్యు పరీక్షలన్నీ మళ్లీ మొదట్నుంచీ చేయించాల్సిందే.